చిన్న కారు కొలతకు పెట్టిన గేటు

మా ఇంటికి గేటు ముందు వచ్చింది, కారు తర్వాత వచ్చింది. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో లెక్కపెట్టడం మా ఆయనకు ఇష్టం ఉండదు కాబట్టి నేనూ పెట్టను. ఉప్పల్‌లో మా గల్లీలోకి వచ్చి ఎవరిని అడిగినా ఆ గేటు చూపిస్తారు. మనుషులు నడిచే గేటు కంటే పెద్దది, కార్లు వెళ్లే గేటు కంటే చిన్నది. నీళ్ల క్యాన్లు వేసే అతను కొత్తగా వచ్చినప్పుడు, బర్రె కోసం పెట్టించారా అని మర్యాదగానే అడిగాడు. నేను అవునన్నాను. మా ఆయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మా ఆయన నాచారంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేస్తాడు. అక్కడ కారు తలుపులకు వేసే బందులు తయారవుతాయి. కారు తలుపు తెరిచినప్పుడు తలుపుకీ బండికీ మధ్య ఒక ఇనుప ముక్క కనిపిస్తుందే, అదన్నమాట. ఆయన చేసిన బందు ఇంకో పెద్ద ఫ్యాక్టరీకి పోతుంది, అక్కడినుంచి కారు కంపెనీకి పోతుంది. మా ఆయన ఒకడున్నాడని కారు కంపెనీకి తెలియదు. మా ఆయనకు మాత్రం ఆ కారు సొంత మేనకోడలి లెక్క. అది మార్కెట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చవకది. బైకు దిగినవాళ్లు మొదట ఎక్కే కారు అదే.

ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర అలాంటి కారు పక్కన ఆగితే చాలు, బైకు మీదినుంచే పిల్లలకు చూపించి, అది మనదే అనేవాడు. పిల్లలు నమ్మారు. మా వాడు బడిలో మా డాడీకి చాలా కార్లున్నాయని చెప్పుకున్నాడు. అదే బడిలో నేను తెలుగు చెబుతాను కాబట్టి, ఫీజు కట్టడానికి మాత్రం ఎందుకు ఆలస్యం చేస్తారని అందరూ నన్నే అడిగారు.

ఆ కారు మీద మా ఆయనకు అంత ఆశ ఎందుకో చెప్పాలంటే ఆదివారాల గురించి చెప్పాలి. మా చర్చి నాచారంలో ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నలుగురం ఒకే బైకు మీద వెళ్లేవాళ్లం. పిల్లవాడు ముందు ట్యాంకు మీద, పాప మా మధ్యలో, నేను వెనక ఒక పక్కకు, నా ఒడిలో బైబిల్ సంచి. పిల్లలు ఎదిగారు, బైకు ఎదగలేదు. ఇక రెండు ట్రిప్పులు మొదలయ్యాయి. మొదట నన్నూ పాపనూ దింపి, మళ్లీ ఉప్పల్ వచ్చి వాడిని ఎక్కించుకుని, కడుతూనే ఉన్న ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చేసరికి లోపల మొదటి పాట అయిపోయేది. ఆయన తలుపు దగ్గర చెప్పులు విడిచి, జుట్టు సర్దుకుని, వెనక వరసలో ఎవరో జరిగి ఇచ్చిన చోట కూర్చునేవాడు. నేను ముందు నుంచి తిరిగి చూస్తే, వచ్చినట్టు తల ఊపేవాడు. ఏళ్ల తరబడి మా ఆదివారాలు అలాగే మొదలయ్యాయి.

నేను స్కూటీ నేర్చుకుంటే పోయేది కదా అని మీరు అనొచ్చు. నేర్చుకున్నాను. పక్కింటి వాళ్ల మెట్లెక్కించి ఆపాను. ఆటోలో వెళ్లొచ్చు కదా అని కూడా అనొచ్చు. ఒకటి రెండుసార్లు వెళ్లాం. కానీ ఆటోకి తలుపులు ఉండవు. తలుపులు లేని బండిని మా ఆయన బండి కింద లెక్కకట్టడు. ఫోన్లో పిలిస్తే వచ్చే క్యాబులో కూడా వెళ్లాం. వచ్చింది ఆ చిన్న కారే. ఈయన ఎక్కబోయి, తలుపు తెరిచి వేసి, మళ్లీ తెరిచి వేసి, వంగి బందు చూస్తుంటే డ్రైవరు, "అన్నా, ఎక్కుతవా, తలుపుతోనే ఆడుకుంటవా?" అన్నాడు. పిల్లలు ఆ మాటను ఇప్పటికీ ఇంట్లో వాడుతూనే ఉన్నారు.

ఒక శుక్రవారం ప్రార్థన కూడికలో మా ఆయన లేచి మనవి చెప్పాడు. మా సంఘంలో మనవులు ఎలా ఉంటాయంటే, ఆరోగ్యం కోసం, పిల్లల చదువు కోసం, మనసుకు శాంతి సమాధానం కోసం ప్రార్థించండి అంటారు. ఇంతకు మించి వివరాల్లోకి ఎవరూ వెళ్లరు. మా ఆయన వెళ్లాడు. ఏ మోడలో చెప్పాడు, తెల్ల రంగు అన్నాడు, నాలుగు తలుపులు అన్నాడు. "మా ఇంట్ల నలుగురం ఒక్కసారే దిగాలె అయ్యగారూ. మొదటి పాటకు అందాలె," అన్నాడు. నేను తల వంచుకుని చెంగు సర్దుకున్నాను. మా పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం రోగులకూ విధవరాండ్రకూ ప్రార్థన అయ్యాక ఆ తెల్ల కారుకు కూడా అయ్యేది. సంఘంలో ఎప్పుడూ కారెక్కని ముసలమ్మలకు కూడా ఆ మోడల్ పేరు నోటికి వచ్చేసింది.

తర్వాత ఎవరో ప్రసంగంలో, అడిగింది దొరకకముందే దానికి చోటు సిద్ధం చేసుకోవాలని, దాన్నే విశ్వాసం అంటారని చెప్పారు. చెప్పినవాళ్లు మనసు గురించి చెప్పారు. మా ఆయన మేస్త్రీని పిలిపించాడు. మాది చిన్న జాగ. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క పైకి వెళ్లే మెట్లు, మధ్యలో సందు. ఆ కారు వెడల్పు ఎంతో ఈయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. దానికి అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు కలిపి సందు కొలత చెప్పాడు. మెట్ల పక్క గోడను ఆ కొలతకే కట్టించాడు, గేటును ఆ కొలతకే చేయించాడు, ముందు ర్యాంపు పోయించాడు. మిగిలిన జాగాలో నాకొక తులసి మొక్క పెట్టుకునేంత చోటు కూడా వదల్లేదు. మేం తులసి పెట్టం అనుకోండి, కరివేపాకైనా పెట్టుకునేదాన్ని. ఆ సందులో చాలాకాలం బట్టలు ఆరేసుకున్నాను.

ఈలోగా మా గల్లీలో కార్లు పొడుగవడం మొదలైంది. ఎదురింట్లో జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆ అన్న లారీల సామాను వ్యాపారం చేస్తాడు. ఆయన ఒక ఎత్తు కారు కొన్నాడు. అది వాళ్ల షెడ్డులో పట్టలేదు. షెడ్డులో బైకు పెట్టి, కారును గల్లీలో పెట్టి, దానికి గుడ్డ కప్పాడు. తర్వాత కొన్నవాళ్లందరూ అలాంటివే కొన్నారు. అందరి షెడ్లలోనూ బైకులు నీడపట్టున ఉంటాయి, కార్లు ఎండలో నిలబడతాయి. కూరగాయల బండి మా గల్లీలోకి రావడం మానేసింది.

ఫ్యాక్టరీలో కూడా ఏదో మారుతోందని మా ఆయన ఒక రోజు అన్నం తింటూ చెప్పాడు. చిన్న కారు బందులకు ఆర్డరు తగ్గిందట. ఆ బందు కొట్టే అచ్చును మిషన్ మీదినుంచి దింపి, గ్రీజు రాసి, గోనె సంచి కప్పి మూలకు పెట్టారట. దాని స్థానంలో కొత్త అచ్చు వచ్చింది, ఎత్తు కారుది. బందు పెద్దది, రేకు మందం, తలుపు బరువు. సేటు సంతోషంగా ఉన్నాడట. మరి నీకేం నొప్పి అన్నాను. ఏం లేదన్నాడు. కొత్త మోడల్ వస్తదేమో, అందుకే ఆపినట్టున్నరు అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు. పెరుగు వేసుకోకుండానే లేచాడు.

చివరికి ఒక శనివారం నలుగురం తయారై నాగోల్ వైపు ఉన్న షోరూముకు వెళ్లాం. అద్దాల తలుపు తీసి లోపలికి వెళ్తే చల్లగా ఉంది, కాఫీ ఇచ్చారు. టై కట్టుకున్న అబ్బాయి మా ఆయన చెప్పిన మోడల్ పేరు విని, పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు. అది ఆపేశారు సార్, అన్నాడు. తర్వాత వివరంగా చెప్పాడు. భద్రత రూల్స్ పెరిగాయి, పొగ రూల్స్ పెరిగాయి, ఏది చేర్చినా చిన్న కారు ధర పెరుగుతుంది. ధర పెరిగితే చిన్న కారు కొనేవాళ్లు కొనలేరు. కొనగలిగినవాళ్లు ఇంకాస్త లోను తీసుకుని పెద్దదే కొంటున్నారు. చిన్నది పది అమ్మితే వచ్చేది పెద్దది ఒకటి అమ్మితే వస్తున్నప్పుడు కంపెనీ మాత్రం ఏం చేస్తుంది సార్, అన్నాడు. మా కుటుంబానికి తానే అన్యాయం చేసినట్టు కాస్త ఇబ్బంది పడ్డాడు కూడా. మా ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"మరి బైకు దిగినోడు ఏం ఎక్కాలె?"

ఆ అబ్బాయి కొంచెం ఆలోచించి, ఇదే ఎంట్రీ సార్ ఇప్పుడు, అని ఒక ఎత్తు కారు చూపించాడు. ఎంట్రీ అన్నాడే కానీ దాంట్లోకి ఎంటర్ కావడానికి నేను చీర పట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. లోపల కూర్చుంటే బాగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. పైకప్పుకు కిటికీ ఉంది, పిల్లలిద్దరూ అందులోంచి తలలు బయట పెట్టి షోరూము సీలింగు చూశారు. మా ఆయనకు మాత్రం వానాకాలం గుర్తొచ్చింది. కప్పుకు కష్టపడి బొక్క ఎందుకు పెట్టారని అడిగాడు. ఆ అబ్బాయి జవాబు చెప్పేలోగా కారే మాట్లాడింది, సీటు బెల్టు పెట్టుకోమంది. ఇంట్లో నేను ఉన్నాను కదా, ఇంకొకరు ఎందుకు అన్నట్టు మా ఆయన నా వైపు చూశాడు.

నెలనెలా కట్టుకోవచ్చు అన్న మాట దగ్గర మా ఆయన కాస్త మెత్తబడ్డాడు. పిల్లల ముఖాలు చూసి ఇంకాస్త మెత్తబడ్డాడు. ఆ అబ్బాయి అది గమనించి మర్నాడే కారును మా ఇంటికి తెచ్చాడు, ఇంటి ముందు పెట్టి చూసుకుంటే నచ్చుతుందని. ర్యాంపు ఎక్కించి గేటు దగ్గరికి తెచ్చాడు. కారు అక్కడే ఆగిపోయింది, రెండు పక్కలా స్తంభాలకు అవతలికి కనిపిస్తూ. గల్లీ అంతా బయటికి వచ్చి చూసింది. గేటు తీసేస్తే సరిపోతుంది సార్, అన్నాడు ఆ అబ్బాయి, చాలా మామూలుగా. నేనే అన్నాను, గేటు తీస్తే మెట్లున్నాయి, మెట్లు తీస్తే పైన ఇల్లుంది, అది కూడా తీసేస్తే బాగా పడుతుంది బాబూ అని. అతను నవ్వుతూనే కారును వెనక్కి తిప్పుకుని వెళ్లాడు. మంచి పిల్లవాడు. పండగలకు ఇప్పటికీ మెసేజ్ పెడతాడు.

ఆ రాత్రి మా ఆయన గేటుకు తాళం వేసి చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాడు. శుక్రవారం కూడికలో ఆయన లేచి, ఆ మనవి ఇక తీసెయ్యండి అయ్యగారూ, అన్నాడు. ఆ కారు ఇప్పుడు తయారు కావడం లేదని, లేనిదాని కోసం ఇంతమందిని కష్టపెట్టడం బాగుండదని చెప్పాడు. కూర్చున్నాక ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి. ఆ క్షణంలో నాకు ఆ కారు కంపెనీ మీద, కాఫీ ఇచ్చిన షోరూము మీద, ఎదురింటి ఎత్తు కారు మీద కూడా కోపం వచ్చింది. అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుని, "కంపెనోళ్లు బంద్ వెట్టిన్రు గని, మనం బంద్ వెట్టలే గద," అని ప్రార్థన మొదలుపెట్టారు. ముసలమ్మలు మోడల్ పేరుతో సహా ఆమెన్ అన్నారు.

ప్రార్థన విన్నది దేవుడో కాదో మీ ఇష్టం, నాకు తెలిసి ముందు విన్నది ఎదురింటి వదిన. మా ఇంటి మాటలు ఆమెకు ఎలాగూ వినిపిస్తాయి. వాళ్ల బంధువుల ఇంటి దగ్గర, మేడిపల్లిలో, ఒక పెద్దావిడ పాత కారు అమ్ముతోందని చెప్పింది. ఆవిడ సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఇక నడపొద్దన్నారట. ఏ కారు అని అడిగాను. వదిన మా గేటు వైపు చూసి నవ్వింది.

మేడిపల్లిలో ఆ కారు రేకుల షెడ్డు కింద దుప్పటి కప్పుకుని ఉంది. తెల్లదే, కాకపోతే వయసు మీదపడి మీగడ రంగులోకి తిరిగింది. ముందు బంపరుకు గీతలున్నాయి, వెనక సీటు మీద చేత్తో అల్లిన గుడ్డ పరిచి ఉంది. మా ఆయన దుప్పటి తీసి, నేరుగా డ్రైవరు తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోన్ లైటు వేసి బందు చూశాడు. బొటనవేలితో తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత లేచి మిగతా మూడు తలుపులూ అలాగే చూశాడు. వాళ్ల సేటు ప్రతి బందు మీదా ఒక చిన్న గుండ్రటి గుర్తు కొట్టిస్తాడు. రంగు కింద అది నాలుగింటి మీదా ఉంది.

ఆ పెద్దావిడ చాలాసేపు ఓపిక పట్టి చివరికి అడిగింది. "ఇంజన్ సూడవా బిడ్డా? వచ్చినోళ్లంత ముందుగాల అదే సూసిన్రు."

"ఇంజన్ నాది కాదమ్మా," అన్నాడు మా ఆయన. "ఇవి నావి."

ఆవిడకు అర్థం కాలేదు, నేను చెప్పాను. ఆవిడ వచ్చి వంగి, ఆపరేషన్ అయిన కన్ను చికిలించి, ఆ గుర్తు చూసింది. ఇన్నేళ్లు రోజూ ఈ తలుపు తెరిచినా ఒక్కసారీ కిర్రుమనలేదు అంది. మా ఆయన ముఖం చూసి నేను, ఇక ఈ బేరంలో మనం ఒక్క పైసా తగ్గించలేం అనుకున్నాను. అలాగే అయింది. ఇంజన్ సంగతి తర్వాత మెకానిక్ చూసుకున్నాడు.

ఒక శనివారం సాయంత్రం కారు మా గల్లీలోకి వచ్చింది. ఎదురింటి వదిన నిమ్మకాయలు పట్టుకుని వచ్చి, మీకు ఉండదు కదా అని గుర్తుచేసుకుని వాటిని లోపల పెట్టేసి, సేమ్యా పాయసం పట్టుకొచ్చింది. మేం ముగ్గురం గేటు బయట దిగాం. మా ఆయన పక్క అద్దాలు మడిచి, ర్యాంపు ఎక్కించి, మెల్లగా లోపలికి పోనిచ్చాడు. అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు. ఎక్కడా గీసుకోలేదు. గల్లీలో చప్పట్లు కొట్టారు. మా ఆయన ఇంజన్ ఆపి, లోపలినుంచే అందరినీ గర్వంగా చూశాడు. అప్పుడు ఎదురింటి అన్న అడిగాడు.

"అంత మంచిగనే ఉంది గని బామ్మర్దీ, ఇగ ఎట్ల దిగుతవ్?"

మా ఆయన తలుపు తెరిచాడు. అది నాలుగు వేళ్లు తెరుచుకుని మెట్ల గోడకు తగిలింది. అటు పక్క తలుపు తెరిచాడు. అది నాలుగు వేళ్లు తెరుచుకుని ప్రహరీకి తగిలింది. కారు తలుపుల బందులు చేసి మమ్మల్ని పోషిస్తున్న మనిషి, తలుపులు తెరుచుకుంటాయన్న సంగతి మరిచిపోయి గేటు కట్టించాడు. మేస్త్రీకి తట్టలేదు, అయ్యగారికి తట్టలేదు, రోజూ ఆ సందులో బట్టలు ఆరేసిన నాకూ తట్టలేదు. ఇంతమందిమి ప్రార్థించాం, కారు లోపలికి రావాలనే ప్రార్థించాం, మనిషి బయటికి రావాలని ఒక్కరమూ అడగలేదు.

సీటు పక్కన మీట లాగితే వెనక డిక్కీ తెరుచుకుంది. మా ఆయన వెనక సీటు మడిచి, దాని మీద పాకుతూ, డిక్కీలోంచి ముందు తల, తర్వాత చేతులు, తర్వాత మిగతా మనిషీ బయటికి వచ్చాడు. పిల్లలు నేల మీద కూర్చుని నవ్వారు. నేను గేటు పట్టుకుని నవ్వాను. ఆయన చొక్కా దులుపుకుని డిక్కీ మూసి, ఆ చప్పుడు ఎంత బాగుందో వినమన్నాడు.

మర్నాడు ఆదివారం. ఆయన డిక్కీలోంచి లోపలికి దూరి కారు బయటికి తీశాడు. గల్లీలో మేం ముగ్గురం ఎక్కాం. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నుంచి, దుమ్ములోంచి, అద్దాలు ఎక్కించుకుని వెళ్లాం. చర్చి ముందు కారు ఆగింది. ఆయన ఆగండి అన్నాడు. అందరూ తలుపు మీద చెయ్యి వేశాక, ఇప్పుడు అన్నాడు. నాలుగు తలుపులు ఒక్కసారే తెరుచుకున్నాయి, నలుగురం ఒక్కసారే దిగాం. ముసలమ్మలు కారు చుట్టూ చేరి, తాము కొన్నట్టే తడిమి చూశారు.

మా ఆయన లోపలికి వచ్చి ముందు వరసలో నా పక్కన నిలబడ్డాడు. మొదటి పాట ఎత్తుకున్నారు. ఆ పాట మా రెండు ట్రిప్పులు మొదలయ్యాక మా అయ్యగారు సొంతంగా రాసుకున్నది, ఇంకే చర్చిలోనూ పాడరు, ప్రతి ఆదివారం దానితోనే మొదలవుతుంది. నేను పాడుతున్నాను, పాప చూడకుండా పాడుతోంది, సండే స్కూల్లో నేర్చుకుని మా వాడూ పాడుతున్నాడు. పక్కన గొంతు వినపడకపోతే తిరిగి చూశాను. మా ఆయన ముందుకు చూస్తూ ఊరికే పెదవులు కదుపుతున్నాడు. ఆయనకు ఆ పాట రాదు. ఇన్నేళ్లలో నాలుగుసార్లైనా వింటే కదా.

పాప పుస్తకం తీసి, వెనక అట్టకు అంటించిన కాగితం మీద ఆ పాట చూపించి, వాళ్ల డాడీ ముందు పట్టుకుంది. ఏ చరణం నడుస్తోందో వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్లు తుడుచుకుని, వేలు వెంట చదువుకుంటూ, అందరికంటే ఒక మాట వెనకగా పాడాడు.

ఆ రోజు నేను ఆయన్ని ఏమీ ఆటపట్టించలేదు. ఇంటికి వచ్చాక, డిక్కీలోంచి దిగేటప్పుడు మాత్రం చెయ్యి అందించాను.